బండింటి గడప

మధ్యాహ్నం నిద్రలో ఉన్న మనిషిని లేపితే పాపమంటారు. మా తమ్ముడు విజేందర్‌కు ఆ పాపభయం లేదు. హైవే మీద లారీ బాడీలు కట్టే షెడ్డు నుంచి అన్నానికి వచ్చినవాడు, చేతులు కూడా కడుక్కోకుండా నా మంచం దగ్గరికి వచ్చి ఫోను ముఖం మీద పెట్టాడు.

"అక్కా, జర జూడు. కారు ఎన్క ఇల్లు కట్టుకొని తిరుగుతున్నరు."

"ఉన్న ఇంట్ల కూసునేటందుకు ఏం రోగమట ఆళ్లకు?" అన్నాను కళ్లు తెరవకుండానే.

తెరిచాక మాత్రం మూయలేదు. ఎవరో తెల్లవాళ్లు, మొగుడూ పెళ్లాం. వాళ్ల కారు వెనక, రెండు చక్రాల మీద, కట్టెతో చేసిన చిన్న గది. గదిలో ఒక పడక, పడక పక్కనే కిటికీ. ఆమె పడుకునే ఉంది, బయట కొండలు నడిచిపోతున్నాయి. వీడియో ఇంకా చాలా ఉందట. నేను ఆ పడక దగ్గరే ఆగిపోయాను.

నా పేరు సైదమ్మ. నలభై ఎనిమిదేళ్లు. చిట్యాల పక్కన, విజయవాడ పోయే లారీల హారన్లు వినపడేంత దూరంలో మా ఊరు. చిన్నప్పటి నుంచి బోరింగు నీళ్లు తాగి పెరిగాం. ఆ నీళ్లలోని ఫ్లోరైడు మా పళ్లకు గార పట్టించి, అంతటితో ఊరుకోక ఎముకల్లోకి దిగింది. మా ఇంట్లో నన్నే ఎక్కువ ఇష్టపడింది. వెన్ను కొడవలిలా వంగి అక్కడే ఆగిపోయింది, మోకాళ్లు బిగుసుకుపోయాయి. చేతికర్ర పట్టుకుని పాదాలు నేల మీద జరుపుకుంటూ నడుస్తాను గానీ, పాదం రెండు వేళ్ల ఎత్తు కూడా లేవదు. బస్సులో, జీపులో కూర్చోవడం నా వల్ల కాదు. నేను చేసిన ప్రయాణాలన్నీ నల్లగొండ దవాఖానకే, అవి కూడా ఎవరో ఒకరు మూటలా ఎత్తుకుపోతేనే. ఎత్తేవాళ్లు ప్రేమతోనే ఎత్తుతారు. అయినా అప్పుడు వాళ్లను కొరకాలనిపిస్తుంది.

"గసొంటిది మనం కట్టలేమా అక్కా? కట్టినమనుకో, నిన్ను యాడికంటే ఆడికి తీస్కపోత. యాడికి పోతవో చెప్పు."

ఆలోచించే పనే లేదు. "కృష్ణ కాడికి," అన్నాను.

తెలంగాణ వచ్చాక మూడేళ్లకో నాలుగేళ్లకో మా ఇంటి ముందు నల్లా పెట్టారు. అందులోంచి కృష్ణ నీళ్లు వచ్చాయి. మొదటి బిందె మరదలు మల్లిక పట్టింది, మొదటి గ్లాసు నేను తాగాను. ఏ రుచీ లేదు. మంచినీళ్లకు రుచి ఉండదని నాకు నలభై దాటాక తెలిసింది. ఆ రోజు నుంచి ఆ నది రోజూ పొద్దున మా ఇంటికి వస్తోంది. రోజూ వచ్చే చుట్టం ఇంటికి మనం ఒక్కసారైనా పోకపోతే ఏం మర్యాద? ఇంకో సంగతి కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. పోయి దాన్ని నిలదీయాలి. ఇంత దగ్గరలో ఉండి, మా ఇంటికి రావడానికి నీకు ఇన్నేళ్లు పట్టిందా అని ముఖం మీదే అడగాలి.

"ఒక్కటి ముందే చెప్తున్న," అన్నాను. "నన్ను ఎత్తుకొని లోపల పండవెట్టొద్దు. నా కాళ్లతోటి నేనే ఎక్కాలె. ఎత్తుకపోతే అదీ దవాఖాన బండే అయితది."

"సరే అక్కా, ఫికర్ జెయ్యకు," అన్నాడు విజేందర్.

వాడికి ఇనుము తెలుసు. పాత ట్రాలీ ఇరుసు ఒకటి తెచ్చి, వారంలో కింది చట్రం అతికించి, చక్రాలు ఎక్కించాడు. పైన గది కట్టాలంటే కట్టె తెలిసిన మనిషి కావాలి. మా ఊళ్లో కట్టె తెలిసిన మనిషంటే ఒక్కడే, వడ్ల ఎల్లస్వామి. డెబ్బై దాటిన వడ్రంగి. మేం కాక అని పిలుస్తాం. మా ఇంటికి దర్వాజ నిలబెట్టింది ఆయనే. కానీ ఇరవై ఏళ్లుగా ఆయన మా ఇంట్లో కాలు పెట్టలేదు.

దానికో కథ ఉంది. నాకు ఇరవై ఏడేళ్లప్పుడు పాదాలు లేవడం మానేశాయి. ఇంటి గడప తగిలి పడ్డాను, మణికట్టు విరిగింది. రెండోసారి పడ్డప్పుడు మా అమ్మ ఈదమ్మ కాకను పిలిచి గడప కోసెయ్యమంది. ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. "గడప ఇంటికి తల్లి. తల్లిని రంపం వెట్టి కోస్తరా ఈదమ్మా? గడప లేని ఇల్లు నిలువది. గసొంటి ఇంట్ల నేను అడుగు వెట్ట," అన్నాడు. అమ్మ వాదించలేదు. ఎవరింటి నుంచో రంపం తెచ్చుకుని, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని తనే కోసింది. అది నల్లమద్ది గడప, ఒక పట్టాన తెగదు. పొద్దుగూకేసరికి అమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి, నేను పాదాలు జరుపుకుంటూ వాకిట్లోకి వచ్చాను.

మరుసటి ఏడు మా బాపు పోయాడు. గడప కోసిన పాపమే తగిలిందని ఊరంతా అంది. అమ్మ కోసిన ముక్కను మాత్రం పారేయలేదు. అటక మీద పెట్టి, శుక్రవారం శుక్రవారం దించి, కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి మళ్లీ పైన పెట్టేది. అమ్మ పోయి ఆరేళ్లయింది. నేను పైకి అందుకోలేను, కిందికి వంగలేను. ముక్క అటక మీదే ఉండిపోయింది.

విజేందర్ పిలిస్తే కాక వచ్చాడు గానీ, వాకిట్లో రాయి మీదే కూర్చున్నాడు. నా మంచం వసారాలోకి జరిపారు. వచ్చీ రాగానే ఇద్దరికీ లడాయి మొదలైంది.

"ఇల్లంటె మద్ది, లేకుంటె టేకు. నూరేండ్లు నిలవడాలె," అన్నాడు కాక.

"నిలవడుడు కాదు కాకా, నడవాలె. దీన్ని మా షెడ్డు జీపు గుంజాలె. నీ మద్ది వెడితె జీపే కూలవడ్తది."

"లారీ బాడీ గాదురా ఇది. మనిషి పండుకునే జాగ."

"పండుకునేది నేను," అన్నాను నేను. "మీ ఇద్దరి పంచాది ఆపి, కట్టెలు నా కాడికి తేర్రి. ఒక్కొక్కటి పక్కల వెట్టుకొని పండుకుంట. నిద్ర వట్టిందే మంచి కట్టె."

ఒళ్లు మండి అన్నమాట అది. కాక మాత్రం నిజమనుకున్నాడు. మర్నాటి నుంచి రోజుకో ముక్క, మూరెడు పొడుగుది, చిత్రిక పట్టి నున్నగా చేసి తెచ్చేవాడు. మల్లిక దాన్ని నా పక్కలో పెట్టేది. నేను దాని మీద చెయ్యి వేసుకుని మధ్యాహ్నం నిద్రపోయేదాన్ని. కట్టెలు నాతో మాట్లాడాయని నేను అనను. కలలైతే వచ్చాయి.

మొదటి రోజు టేకు. నూనె వాసన, చల్లటి నునుపు. కలలో ఎవరిదో పెద్ద బంగ్లాలో ఉన్నాను, ఎవరైనా వచ్చి లెమ్మంటారేమోనని కల అయిపోయేదాకా ఒక మూలకు ఒదిగి కూర్చున్నాను. టేకు వద్దన్నాను. తర్వాత తుమ్మ. ఎద్దులు కనబడ్డాయి, వాటి మెడ గంటలు వినబడ్డాయి, గది మాత్రం ఉన్నచోటి నుంచి కదల్లేదు. "తుమ్మ బరువు, నేను చెప్తనే ఉన్న," అన్నాడు విజేందర్. నీలగిరి ముక్క తేలిగ్గా ఉండి ఆశ పుట్టించింది. ఆ కలలో బండి ఒక పక్కకే తిరుగుతూ తిరుగుతూ మళ్లీ మా ఊరికే వచ్చింది. కాకకు చెబితే నవ్వలేదు. "నీలగిరి గంతే బిడ్డా. ఎండితె మెలివడ్తది," అని ముక్క తీసుకుపోయాడు. మామిడి పెట్టిన రోజు గోడ అవతల ఎవరో అదేపనిగా పళ్లు నూరుతున్నారు. "పురుగు," అన్నాడు కాక.

రెండో వారానికి ఆయన వాకిట్లోకి వస్తూనే, "ఇయ్యాల ఏం కలొచ్చె?" అని అడగడం మొదలుపెట్టాడు. విజేందర్ తల కొట్టుకున్నాడు. కట్టె అమ్మే సామిల్లు వాళ్లు వింటే మనల్ని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తోలుతారు అన్నాడు. మల్లిక మాత్రం గిన్నెలు తోముతూ కలలన్నీ చెవి పెట్టి వినేది.

తర్వాత వేప వచ్చింది. అది కొన్నది కాదు. కాక తన కొట్టంలో ఆరేళ్లుగా నీడకు ఆరబెట్టుకున్న పలక. ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నటి చేదు వాసన. చెయ్యి వేశానో లేదో నిద్ర పట్టింది.

గది నడుస్తోంది. కుదుపు లేదు, చప్పుడు లేదు. కిటికీలో పరుపుబండల గుట్టలు పోయాయి, పత్తి చేలు పోయాయి, తాటిచెట్లు పోయాయి, తర్వాత అంతా పచ్చటి వరి. వరి చివర తెల్లటి వెలుతురు పరుచుకుని ఉంది. అది నీళ్లని నాకు తెలుసు. గది ఆగింది. నేను లేచి, కుచ్చిళ్లు కొద్దిగా పైకి పట్టుకుని, గడప దాటి, ఒడ్డు మీదికి దిగాను. కాలి కింద ఇసుక మెత్తగా ఉంది. మెలకువ వచ్చాక కూడా కొంతసేపు అరికాళ్లకు తడి తగులుతూనే ఉంది.

"వేపనే," అన్నాను కాకతో. "ఇంగో మాట. దర్వాజకు గడప ఉండాలె. మా అమ్మ గడపనే వెట్టాలె."

మల్లిక అటక మీది నుంచి ముక్క దించి ఇస్తే కాక రెండు చేతులతో అందుకున్నాడు. రెండు కొసల్లో అమ్మ రంపం వంకరటింకరగా నడిచిన గుర్తులు ఉన్నాయి. వాటి మీద వేలు రాసి చూశాడు. ఇల్లంటే గడప ఉండాలె, మంచిమాట చెప్పినవ్ బిడ్డా అన్నాడు.

పని మొదలైతే ఇక రోజులు తెలియలేదు. గది చట్రానికి వేప, గోడలకు నీళ్లు తగిలినా ఉబ్బని పలుచటి ప్లైవుడ్. మేకులు వద్దు, రోడ్డు కుదుపుకు ఊడతాయి, స్క్రూలే కావాలని విజేందర్ పట్టుబట్టి గెలిచాడు. కిటికీకి అద్దం వద్దు, అదిరి పగులుతుంది, కట్టె రెక్కలే ఉండాలని కాక గెలిచాడు. పైకప్పుకు రేకు కావాలని నేను గెలిచాను, వాన పడితే వినపడాలి కదా. ఎండకు ఉడికిపోతావని రేకు కింద వెదురు తడక మల్లిక పెట్టించింది. వేప పొట్టు వాకిలంతా పరుచుకుంది. నేను వసారాలో పడుకుని ఆ వాసనలో నిద్రపోయి, లేచి, మళ్లీ నిద్రపోయేదాన్ని. ప్రతి నిద్రలోనూ గది ఆగేది, నేను గడప దాటి ఒడ్డు మీదికి దిగేదాన్ని.

దర్వాజ నిలబెట్టిన రోజు కాకకు ఒక చిక్కు వచ్చింది. గడప కింద భూమిలో నవధాన్యాలు వేయడం ఆచారం. ఈ ఇంటి కింద భూమి లేదు, చక్రాలున్నాయి. అరపూట ఆలోచించి, గడప అడుగున బొటనవేలు పట్టేంత గుంట తొలిచి, అందులో గింజలు పోసి, మైనంతో మూశాడు. "యాడ ఆగితె ఆడనే భూమి," అన్నాడు. అమ్మ ముక్కకు రెండు వైపులా కొత్త మద్ది ముక్కలు అతికి, కట్టె చీలలు కొట్టి, దర్వాజలో బిగించాడు. మల్లిక పసుపు రాసి బొట్లు పెట్టింది. చూడడానికి ఎంత బాగుందో చెప్పలేను.

శివరాత్రి అయిన మరుసటి వారం, శుక్రవారం పొద్దున ప్రయాణం. జీపుకు గదిని తగిలించారు. విజేందర్ దర్వాజ నుంచి నేల దాకా వాలుగా పలక వేసి, నా పాదం జారకుండా దాని మీద గోనెపట్ట కొట్టాడు. నేను కొత్త చీర కట్టుకున్నాను. పాదాలు జరుపుకుంటూ, కర్ర ఊనుకుంటూ, పలక మీద మెల్లగా పైకి పోయాను. ముగ్గురూ కింద నిలబడి చూస్తున్నారు. చివరికి నా బొటనవేలికి చల్లగా ఏదో తగిలింది. పసుపు గడప.

నాలుగు వేళ్ల ఎత్తుంది.

పాదం ఎత్తబోయాను, లేవలేదు. కర్ర ఇంకో చేతికి మార్చి మళ్లీ ప్రయత్నించాను. రెండు నెలలు కలిసి ఆ గది కట్టాం. కాక గడప ఎత్తు కొలిచాడు, విజేందర్ పలక వాలు కొలిచాడు, మల్లిక పసుపు రాసింది. నా పాదం లేవదన్న సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు. గడప ఉన్నదే ఇల్లని అందరి ఒంట్లోనూ నాటుకుపోయి ఉంది, దాన్ని దాటి ఇంకేమీ తోచలేదు. వాళ్లను ఏమనగలను? గడప అడిగింది నేను. కలల్లో నా మోకాళ్లు ఎప్పుడూ వంగుతాయి. నా కాళ్ల సంగతి మర్చిపోయిన మొదటి మనిషిని నేనే.

"అక్కా, గీ ఒక్కపారి ఎత్తుత," అన్నాడు విజేందర్, పలక మీద కాలు పెట్టి.

"ముట్టుకున్నవంటె మంచిగుండదు."

అలాగే వెనక్కి జరుపుకుంటూ కిందికి దిగాను. దిగడానికి ఎక్కిన దానికి రెండింతలు పట్టింది. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఏడ్చాను. నది కోసం కాదు. మా అమ్మ చేతులు పుండ్లు చేసుకుని నా దారిలోంచి తీసేసిన దాన్ని, ఊరి చేత మాటలు పడి తీసేసిన దాన్ని, నేనే కోరి మళ్లీ నా కాళ్లకు అడ్డం పెట్టుకున్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేసింది.

మధ్యాహ్నానికి రంపం చప్పుడు వినబడింది. మద్దిని కోసే చప్పుడు వేరే ఉంటుంది, పట్టి పట్టి, మూలుగుతూ సాగుతుంది. ఇరవై ఏళ్ల కింద ఒక మధ్యాహ్నమంతా విన్నాను దాన్ని. సగం నిద్రలో ఉన్నాను, అమ్మే కోస్తోందనుకున్నాను. చేతులకు గుడ్డ కట్టుకో అమ్మా అని చెప్పబోయి మేలుకున్నాను.

మల్లిక వచ్చి మంచం పక్కన నిలబడింది. "వదినె, కాకనే కోస్తున్నడు. మీ తమ్ముడు అడిగినా రంపం ఇయ్యలే. 'నేను కొయ్యాల్సింది' అంటున్నడు."

రెండు రోజులు వాకిట్లో ఏదో పని జరుగుతూనే ఉంది. నేను చూడలేదు, అడగలేదు. మూడో రోజు పొద్దున ఇంట్లో అడుగుల చప్పుడయింది. విజేందర్‌ది కాదు, మల్లికది కాదు. ఒక కాలు కొద్దిగా ఈడ్చే నడక. ఎల్లస్వామి కాక, గడప లేని మా దర్వాజలోంచి లోపలికి వచ్చి, నా మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో తువ్వాల నలుపుతున్నాడు.

"మీ అమ్మ అడిగిననాడే నేను కోస్తె అయిపోతుండె," అన్నాడు. "గామె చేతులు పుండ్లు జేసిన. లే బిడ్డా. ఒక్కపారి జూద్దువు రా."

ఆయన ముఖం చూసి కాదనలేకపోయాను. పలక ఎక్కాను. ఈసారి బొటనవేలికి ఏదీ తగల్లేదు. గోనెపట్ట అయిపోయి నున్నటి కట్టె వచ్చింది, అంతే, నేను లోపల ఉన్నాను. నా కాళ్లతోటే ఉన్నాను. వేప వాసన చుట్టూ నిండి ఉంది. పడక మీద పక్కకు ఒరిగి పడుకున్నాను.

కిటికీ రెక్కలు తెరిచి ఉన్నాయి. కిటికీ అడుగు పట్టె స్థానంలో అమ్మ గడప ఉంది. కాక తాను అతికిన కొసలు కోసేసి, అమ్మ రంపం గుర్తులు అలాగే ఉంచి, ముక్కను కిటికీలో బిగించాడు. చెయ్యి చాపితే నేరుగా దాని మీద పడింది.

"గడప ఉండాలె," అన్నాడు కాక బయటి నుంచి. "కాలి కిందనే ఉండాలని యాడ రాసి లేదు."

ముందు జీపులో విజేందర్, మల్లిక, వెనక గదిలో నేను, ఆ మధ్యాహ్నమే బయలుదేరాం. హైవే ఎక్కాక లారీలు నా కిటికీ పక్క నుంచి పోయాయి. ఇన్నేళ్లుగా చప్పుడే వింటున్నాను, రంగులు ఇప్పుడు చూశాను. నకిరేకల్ పోయింది, సూర్యాపేట పోయింది, బండి హుజూర్‌నగర్ దారి పట్టింది. గుట్టలు పోయాయి, పత్తి కట్టె పోయింది, వరి మొదలైంది. కొంచెం నిద్రపోయాను, కొంచెం మేలుకున్నాను, రెండింటిలోనూ ఒకే పొలాలు కనబడ్డాయి. కలలో లేనిదల్లా కుదుపే. ప్రతి గుంత నా వెన్నుకు తెలిసింది. అది నొప్పే గానీ, దవాఖాన నొప్పి కాదు.

ఎండ మెత్తబడే వేళకు గది ఆగింది. విజేందర్ జీపును వెనక్కి ముందుకు తిప్పి, కిటికీ సరిగ్గా నీళ్ల వైపు వచ్చేలా నిలిపాడు. కృష్ణ అంత పెద్దదని నాకు తెలియదు. నల్లాలోంచి సన్నగా వచ్చేది ఇదేనంటే నమ్మబుద్ధి కాలేదు.

మల్లిక చెంబుతో నీళ్లు ముంచుకుని కిటికీ దగ్గరికి వచ్చింది. "వదినె, కాళ్ల మీద పోస్త, లోపలికి రానా?"

"గిక్కడ పొయ్యి," అన్నాను, గడప చూపిస్తూ. "పసుపు తెచ్చినవా?"

"తెచ్చిన. నేను రాస్త ఆగు."

"నేను రాస్త."

మల్లిక పోస్తుంటే నేను కడిగాను. రంపం గీతల్లో ఇరుక్కున్న ఆరేళ్ల అటక దుమ్ము, కాక రంపపు పొట్టు, దారి మట్టి, అన్నీ పోయాయి. ఊళ్లో ఆడవాళ్లంతా వారం వారం చేసే పని ఇది. వంగలేని నడుముతో ఇరవై ఏళ్లుగా నేను చేయలేదు, ఇక చేయననుకున్నాను. పసుపు తడిపి, ఈ కొస నుంచి మొదలుపెట్టి, వంకరగా తెగిన చోట ఇంకొంచెం ఎక్కువ రాశాను. అమ్మ కూడా అక్కడ ఎక్కువే రాసేది.

అడగాలనుకున్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

"గింత ఆలస్యం జేస్తరానే?" అన్నాను నీళ్ల వైపు చూసి. గట్టిగానే అన్నాను.

"ఎవర్నంటున్నవ్ వదినె?" అంది మల్లిక.

ఇటు పొయ్యమని చెయ్యి చాపాను. చెంబులో ఇంకా నీళ్లున్నాయి, గడపకు రెండో కొస కడగాల్సి ఉంది.